మేడ మీద ఓడ

పొడిమెట్ట పట్నంలో అనుమతి లేకుండా కట్టినవి చాలా ఉన్నాయి. ఒక కళ్యాణ మండపం ఉంది, రెండు ప్రైవేటు కాలేజీలున్నాయి, మురుగు కాలవ మీద వరసగా కొట్లున్నాయి. ఆ మాటకొస్తే పురపాలక సంఘం వారి కార్యాలయాన్నే పెద్దచెరువు గర్భంలో సగం పూడ్చి కట్టారు. అక్రమ కట్టడాల నిరోధక విభాగం అందులో కింది అంతస్తులో ఉంటుంది, చెరువు వైపు గది అయితే చల్లగా ఉంటుందని. ఇన్ని ఉండగా ఆ విభాగం వారు ఆ సంవత్సరం మొత్తానికి కనిపెట్టి పట్టుకున్నది ఒకే ఒక్కటి. అది ఓడ.

ఓడ అంటే మనుషులెక్కే ఓడ కాదు. అలాగని పిల్లలాడుకునే బొమ్మా కాదు. వరాహాలరావు మాస్టారు తన మేడ మీద రేకుల షెడ్డు వేసుకుని, ఏళ్ళ తరబడి కూర్చుని కట్టిన యుద్ధనౌక. పన్నెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఆయన రిటైరైన రోజునే ఆ పోస్టును కూడా రిటైరు చేసేశారు కనుక, ఈ జన్మలో తను గీసిన గీత మీద ఇంకొకరు గీత గియ్యరని ఆయనకు నిశ్చింత.

ఆ ఓడలో బజార్లో కొనితెచ్చిన భాగమంటూ ఒక్కటీ లేదు. ఒళ్ళంతా నూనె డబ్బాల రేకు. పొగగొట్టం పౌడరు డబ్బా. చుట్టూ కమ్మీలు పాత గొడుగు ఊచలు. గుండ్రటి కిటికీలు చొక్కా గుండీలు. రాడారు, చిన్నమ్మలు గారి టీ వడపోసే జల్లెడ. చిన్నమ్మలు అంటే మాస్టారి భార్య. వంటింట్లో ఏ వస్తువు కనపడకపోయినా ఆవిడ ముందు ఓడ దగ్గరికెళ్ళి వెతికేది. సాధారణంగా దొరికేది. నాలుగు తుపాకులు మాత్రం సైకిలు పంపుల గొట్టాలు. ఈ తుపాకుల సంగతి తరువాత వస్తుంది.

డ్రాయింగు మాస్టారికి యుద్ధనౌక మీద మోజేమిటంటే, మోజు ఆయనది కాదు. చిన్నమ్మలు అన్నగారు అసిరినాయుడిది. ఆయన నేవీలో వంటవాడుగా చేశాడు. చేసినన్నాళ్ళూ ఒకే ఓడ, దాని పేరు 'ఉగ్రతార'. ఆయన దిగిపోయిన కొన్నాళ్ళకి ఆ ఓడను ముక్కలు కోసి తూకానికి అమ్మేశారు. చివరిసారి చూసొస్తానని రైలెక్కి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ఆయన దగ్గర మిగిలింది ఆ ఓడ వంటగదిలో వాడిన గరిటె ఒకటి. భార్య పోయాక చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. కళ్ళకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది, ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదని డాక్టరు చెప్పేశాడు.

"మా తారని నీళ్ళ మీద ఒక్కపాలి చూసేస్తే చాలు బావొ. తరవాత చీకటైపోతే అయిపోనీ," అన్నాడాయన ఓరోజు కాఫీ తాగుతూ.

బావమరుదులు బంగారం గొలుసులడుగుతారు, మోటారు సైకిళ్ళడుగుతారు. ఇలాటి కోరిక కోరిన బావమరిదిని మాస్టారు ఎక్కడా వినలేదు. ఆ మధ్యాహ్నమే పెన్సిలు చెక్కారు. నమూనా అసిరినాయుడి జ్ఞాపకమే. ఆ జ్ఞాపకంలో తుపాకులు అటూ ఇటూ అయినా పరవాలేదు గానీ వంటగది అంగుళం జరిగితే ఒప్పుకునేవాడు కాదు. "పెద్ద కెరటం వొచ్చినప్పుడు సాంబారు ఎటు ఒలికీదో నాకు తెల్దేటి? ఇటే కట్టాల!" అని పట్టుబట్టి మూడుసార్లు విప్పించాడు.

ఓడ పూర్తయింది. షెడ్డులోంచి బయటికి లాగి మేడ మీద పెట్టారు. ఇక చెరువుకు పట్టుకెళ్ళి వదలడమే తరువాయి. సరిగ్గా అప్పుడే పై నుంచి ఉత్తర్వు వచ్చింది, మేడల మీది అక్రమ కట్టడాలన్నిటినీ ఆకాశం నుంచి ఫొటోలు తీయవలసిందని. దానికి 'గగన నేత్రం' అని పేరు. గగన నేత్రం పొడిమెట్ట మీద మూడుసార్లు తిరిగింది. కళ్యాణ మండపం పెద్దది కావడంతో ఫొటోలో పట్టలేదట. కాలేజీల మీద మబ్బు అడ్డొచ్చిందట. మాస్టారి ఓడ మాత్రం గొడుగు ఊచలతో సహా స్పష్టంగా పడింది.

టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు తాతబాబు టేపు పట్టుకుని మేడెక్కాడు. ఎండకు చెమటలు కక్కుతూ ఓడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇదేటండి మాస్టారూ?"

"ఓడ."

"అది కనిపిస్తంది లెండి. ఎవరు కట్టినారు?"

"నేనే కట్టాను," అన్నారు మాస్టారు కాస్త గర్వంగా.

కొంప మునిగింది అక్కడే. 'చేశాను' అనవలసింది. 'తయారు చేశాను' అన్నా బాగుండేది. కానీ తెలుగులో ఇల్లు కట్టినట్టే ఓడనూ కడతారు, ఆయనేం చేస్తాడు? తాతబాబు మొహం వెలిగింది. ఆ మాట అలాగే రాసుకుని కింద సంతకం పెట్టించుకున్నాడు.

"కట్టినది కట్టడం. పర్మిషను లేకుండా కట్టినది అక్రమ కట్టడం. ఇందులో నేను కల్పించినదేం లేదండి. వ్యాకరణం అలాగుంది."

బట్టలారేస్తున్న చిన్నమ్మలు గారు ఇటు తిరిగారు. "మరి నాను చీర కట్టుకున్నాను. ఈ బట్టలకి తాడు కట్టినాను. అవి కూడా రాసుకుంతారేటి బాబూ?"

తాతబాబు వెటకారం తెలియని మనిషి. ఆ తాడును రెండు చివర్లా పట్టి చూశాడు. "ఇది శాశ్వతంగా కట్టినారా, తాత్కాలికంగానా అమ్మా?" అని అడిగాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. సదరు కట్టడమునకు నాలుగు వైపులా విడువవలసిన ఖాళీ స్థలము విడువలేదనియు, కిటికీలు చొక్కా గుండీల ప్రమాణములో ఉన్నందున గాలి వెలుతురు చాలవనియు, అంతస్తులు ఆరు ఉండగా లిఫ్టు చూపలేదనియు, వాన నీరు భూమిలోనికి ఇంకుటకై ఇంకుడు గుంత తవ్వలేదనియు, తగు సంజాయిషీ రానిచో కట్టడమును కూలగొట్టి, కూలగొట్టిన ఖర్చు కట్టినవారి నుండియే రాబట్టబడుననియు అందులో ఉంది. మాస్టారు ఇంకుడు గుంత దగ్గర ఆగిపోయారు. ఓడ అడుగున గుంత తవ్వమని సలహా ఇచ్చిన ప్రభుత్వం ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

"కూలగొడతారేటి? మల్లీ ముక్కలు చేస్తారా మా తారని?" అన్నాడు అసిరినాయుడు. ఆ గొంతు విని మాస్టారు చొక్కా మార్చుకుని ఆఫీసుకు బయల్దేరారు.

కమిషనరు విద్యాధరరావు గారు చెయ్యి చాపే మనిషి కాదు. చాపే మనిషైతే పని ఒక్కరోజులో అయిపోయేది. ఆయన నిజాయితీపరుడు, నియమం తప్పడు. అలాటివారి చేతిలో పడ్డ ఫైలు దేవుడి చేతిలో పడ్డట్టే, ఎప్పుడు కరుణిస్తాడో ఎవరూ చెప్పలేరు.

"అది ఇల్లు కాదండి, ఓడ," అన్నారు మాస్టారు. "కావాలంటే ఒక్క గంట చెరువులో వదిలి చూడండి. తేలుతుంది. తేలితే ఓడేనని మీకే తెలుస్తుంది."

కమిషనరు గారు చిరునవ్వు నవ్వారు. "తేలుతుందని మీరంటున్నారు. తేలుతుందో లేదో విచారణలో తేలాలి కదా. ముందు ఫైలు తేలనివ్వండి మాస్టారూ. తరువాత ఓడ దానంతటదే తేలుతుంది."

"ఫైలెప్పుడు తేలుతుందండి?"

"మీరు సంజాయిషీలో యుద్ధనౌక అని వ్రాశారు. నౌక విషయం మత్స్యశాఖ వారి పరిధి. యుద్ధం విషయం పోలీసు వారి పరిధి. ఆ రెండు శాఖల అభిప్రాయాలు వచ్చాక, మిగిలినది మేము పరిశీలిస్తాం."

యుద్ధం, నౌక తీసేస్తే మిగిలేదేమిటో మాస్టారికి బోధపడలేదు. అయినా దణ్ణం పెట్టి లేచారు.

మత్స్యశాఖ అధికారి మంచివాడు, కుర్చీ చూపించాడు. "వలలెన్నండి?" అని అడిగాడు.

"లేవు."

"మరి చేపలెలా పడతారు?"

"పట్టనండి."

అధికారి చాలాసేపు బాధపడ్డాడు. చేపలు పట్టని పడవకు వాళ్ళ దగ్గర గడి లేదు. చివరికి 'చేపలు పట్టు పడవ, పట్టుబడి సున్న' అని రాసి తృప్తిపడ్డాడు. రాశాక కాలెండరు వైపు చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది మాస్టారూ! పడవలు కదలడానికి వీల్లేదు."

"నాది మేడ మీద ఉందండి."

"ఎక్కడున్నదన్నది ప్రశ్న కాదు. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. వాటి మనసులో భయం పుట్టకూడదని శాఖ ఉద్దేశం."

మర్నాడు ఒక బంట్రోతు వచ్చి ఓడను మేడ పిట్టగోడకు తాడేసి కట్టి, ముడి మీద లక్క ముద్ర వేసి పోయాడు. చిన్నమ్మలు గారు ఆ ముద్ర వంక చూసి, "ఏ చేప మా మేడెక్కి గుడ్లెట్టేసిందో, మాకు చెప్పనైనా నేదు," అన్నారు.

పోలీసు స్టేషన్లో సంగతి ఇంకా త్వరగా తేలింది. అప్పటికి ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పగించాలి. మాస్టారు నాలుగు తుపాకులూ సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టారు.

"ఇవి సైకిలు పంపులండి," అన్నారు.

ఎస్సై అలాటి మాటలు చాలా విన్నాడు. దొరికిన ప్రతివాడూ ఇలాగే అంటాడు. కానిస్టేబుల్ని పిలిచి పరీక్షించమన్నాడు. కానిస్టేబులు ఒక గొట్టాన్ని పెదాలకు ఆనించి ఊదాడు. అవతలి కొసన ఎస్సై గారి కాగితాలు ఎగిరాయి.

"సార్, గాలి వస్తంది సార్."

"ఐతే ఎయిర్ గన్. రాసుకో," అన్నాడు ఎస్సై.

లైసెన్సు లేని ఎయిర్ గన్నులు నాలుగు. పెద్దమనిషి, బడిపంతులు అని దయతలచి కేసు పెట్టకుండా అప్పగింత మాత్రం తీసుకున్నారు. మాస్టారు ఖాళీ సంచితో ఇంటికొచ్చేసరికి అసిరినాయుడు మేడ మీద కూర్చుని ఓడను తడుముతున్నాడు. వంటగది నుంచి ముందుకు వేళ్ళు జరుపుతూ పోయి తుపాకులుండవలసిన చోట ఆగాడు. ఈమధ్య ఆయన ఓడను కళ్ళతో కంటే చేతులతో ఎక్కువ చూస్తున్నాడని మాస్టారు అప్పుడే గమనించారు.

నిషేధ కాలం పోయి లక్క ముద్ర తీశారు గానీ ఫైలు తేలలేదు. కూలగొట్టే తేదీ మాత్రం తేలింది. తాతబాబు ఇద్దరు మనుషుల్ని సమ్మెటలతో వెంటబెట్టుకుని మేడెక్కాడు. మాస్టారు ఓడకు అడ్డంగా నిలబడ్డారు. అసిరినాయుడు గరిటె పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు, సమ్మెటల వాళ్ళున్న వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి. చిన్నమ్మలు గారు వెనక నుంచి వచ్చి అన్నగారి భుజాలు పట్టుకుని ఇటు తిప్పారు.

అది చూసి తాతబాబు తలొంచుకున్నాడు. వ్యాకరణం ఎంత గట్టిదైనా లోపల మనిషి ఉంటాడు. సమ్మెటల వాళ్ళను టీకి పంపి, మాస్టారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి. కదిలేది కట్టడం కాదు. దానికి చక్రాలు పెట్టేయండి. చక్రాలుంటే మా సెక్షన్లోకి రాదు."

మాస్టారు పాత స్కూటరు చక్రాలు నాలుగు తెచ్చి, చెక్కల చట్రం ఒకటి చేసి, దాని మీద ఓడను తాళ్ళతో బిగించి కట్టారు. ఈసారి 'కట్టాను' అని ఎవరితోనూ అనలేదు. వీధిలోవాళ్ళంతా వచ్చి పెళ్ళికూతురి బీరువాను దింపినట్టు మోకులేసి ఓడను మేడ దింపారు. కమిషనరు గారు స్వయంగా వచ్చి అటు ఒకసారి, ఇటు ఒకసారి తోసి చూశారు. కదిలింది. అక్రమ కట్టడం కేసు అక్కడికక్కడే మూసేశారు. మాస్టారు ఊపిరి పీల్చుకునేలోగానే ఇంకో కేసు తెరుచుకుంది.

"ఇది కట్టడం కాకపోతే మరేమిటి?" అన్నారు కమిషనరు గారు. "నాలుగు చక్రాలున్నవి. ఇంజను లేదు. మనిషి తోస్తే కదులుతున్నది. ఇట్టిదానిని ప్రభుత్వ పరిభాషలో తోపుడు బండి అంటారు."

అది వీధి వ్యాపారుల వారోత్సవాల వారం. ఊరికిన్ని తోపుడు బళ్ళను గుర్తించాలని పై నుంచి లక్ష్యం ఇచ్చారు. పొడిమెట్టకు ఒక్క బండి తక్కువైంది. ఉన్నవన్నీ ట్రాఫిక్కుకు అడ్డమని కిందటి నెలే ఎత్తుకుపోయి ఆఫీసు వెనక పడేశారు కనుక కొత్త బండి దొరకడం కష్టంగా ఉంది. మాస్టారి మెడలో దండ వేసి, ఫొటో తీసి, చేతిలో గుర్తింపు కార్డు పెట్టారు. అందులో 'తోపుడు బండి యజమాని' అని ఉంది.

"ఓడలు బళ్ళవుతాయంటే ఏటో సామెతనుకున్నాను," అన్నారు చిన్నమ్మలు గారు కార్డు చదివించుకుని. "మునిసిపాలిటీ వోలు చేసి సూపిస్తారని తెలీదు."

సరే, పేరేదైతేనేం, నీళ్ళు చూపిస్తే చాలనుకున్నారు మాస్టారు. ఆ సాయంత్రమే బావమరిదిని వెంటబెట్టుకుని, ఓడను తోసుకుంటూ పెద్దచెరువు పార్కుకు వెళ్ళారు. గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి బోర్డు చూపించాడు. తోపుడు బళ్ళకు ప్రవేశము లేదు.

"ఇది ఓడ నాయనా," అన్నారు మాస్టారు.

"కార్డుందా?"

మాస్టారు కార్డు తీసి చూపించారు. చూపించాక నాలిక కరుచుకున్నారు.

"బండి అని మీరే చూపించి ఓడంతారేటండి?" అన్నాడు వాచ్‌మన్.

మర్నాడు కమిషనరు గారు విషయం విడమరచి చెప్పారు. ఓడ అయితే పార్కులోకి రానివ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు. కానీ ఓడ అయితే అది బండి కాదు, బండి కాకపోతే మళ్ళీ కట్టడం, కట్టడమైతే కూలగొట్టాలి. బండిగా ఉన్నన్నాళ్ళూ దానికి ప్రాణభయం లేదు. నీళ్ళలోకి దిగే యోగం కూడా లేదు. "మీరు ఏదో ఒకటి నిర్ణయించుకోండి మాస్టారూ. పురపాలక సంఘం మీ నిర్ణయాన్ని గౌరవిస్తుంది."

మాస్టారికి ఏడుపొచ్చింది. నలభయ్యేళ్ళు పిల్లలకు సరళరేఖ గియ్యడం నేర్పిన మనిషి. ఈ ఆఫీసులో మాత్రం ఏ గీత గీసినా తిరిగి తిరిగి మొదటికే వస్తోంది.

అంతటితో అయినా వదిలారా? బండి అన్నాక వ్యాపారం చెయ్యాలట. చెయ్యకపోతే కార్డు రద్దు, కార్డు పోతే కట్టడం. ఈ కబురు తెచ్చినవాడు తాతబాబే. అతని మొహంలో సిగ్గు కనబడుతోంది.

"బావా, ఏం అమ్ముతాం మనం?" అన్నారు మాస్టారు నీరసంగా.

అసిరినాయుడు గరిటె ఎత్తాడు. "ఓడంటూ ఉంటే వంట ఉండాల. నాను వండుతాను."

అలా 'ఉగ్రతార' మీద పొయ్యి వెలిగింది, సాంబారు ఇటు ఒలుకుతుందని మూడుసార్లు విప్పించిన ఆ చోటికి సరిగ్గా వెనక. పార్కు గేటు పక్కన, ఇనప కంచెకు ఇవతల. ఓడ పొట్ట నిండా బంగాళాదుంపలు, ఉల్లిపాయలు. బూరెలమూకుట్లో మిరపకాయ బజ్జీలు. అసిరినాయుడు నూనె చప్పుడు విని బజ్జీ తిప్పేవాడు, వాసన పట్టి తీసేవాడు. ఊరు ఊరంతా వచ్చి పడింది. కమిషనరు గారు కూడా జీపు పంపించి తెప్పించుకుని, "దీన్నే స్వయం ఉపాధి అంటారు," అని పక్కవాళ్ళకు చెప్పారు.

జనం తగ్గాక అసిరినాయుడు కంచె వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. "నీల్లు ఎంత దూరం బావొ?" అని అడిగేవాడు. "ఇక్కడే బావా, పది గజాలు," అనేవారు మాస్టారు. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళితే, చూపు ఇక గొట్టంలోంచి చూసినంతే మిగిలిందన్నాడు.

ఇంతలో పెద్దచెరువు సుందరీకరణ పూర్తయింది. వానలెక్కువైతే చెరువు నీళ్ళు పొర్లిపోవడానికి పూర్వులు అలుగు కట్టారు. సుందరీకరణ వారికి ఆ పల్లం అసహ్యంగా తోచింది. దాన్ని పూడ్చేసి, దాని మీద సిమెంటుతో 'ఐ లవ్ పొడిమెట్ట' అని మనిషెత్తు అక్షరాలు నిలబెట్టారు. జనం ఆ గుండె బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

అలుగు ఎందుకుందో చెరువుకు గుర్తుంది. ఆశ్వయుజంలో వాయుగుండం పట్టి, ఆగకుండా కురిసింది. పొద్దున్నకల్లా చెరువు నిండి, అలుగు కోసం వెతుక్కుని, అక్కడ ఇంగ్లీషు అక్షరాలు చూసి వెనక్కి తిరిగింది. మిగిలింది పార్కు గేటు. గేటు దగ్గర బోర్డు ఉంది గానీ, చెరువుల ప్రవేశం గురించి, నిర్గమం గురించి అందులో ఏమీ రాయలేదు. నీళ్ళు దర్జాగా రోడ్డు మీదికొచ్చాయి. అట్నుంచి తిన్నగా తమ పాత నివాసానికి, అంటే పురపాలక సంఘం కార్యాలయానికి బయల్దేరాయి.

వాన తెరిపిచ్చిందని బజ్జీలకొచ్చినవాళ్ళు కేకలేస్తూ మెరక వైపు పరిగెత్తారు. మోకాళ్ళ లోతు అయింది, తొడల లోతు అయింది. చిన్నమ్మలు గారు మెరక మీద నుంచి అరుస్తున్నారు. "బండొగ్గేయండి! అన్నయ్యని తెచ్చేయండి!"

మాస్టారు పరిగెత్తలేదు. పొయ్యి ఆర్పి, మూకుడు తీసి నీళ్ళలో పారేశారు. తరువాత వంగి, చేతులు నీళ్ళలోకి పెట్టి, చట్రానికి వేసిన తాళ్ళు వెతికారు.

"బావా, కట్లు విప్పుతున్నాను!"

ఒక తాడు. రెండో తాడు. మూడోది తడిసి బిగుసుకుంది, పళ్ళతో లాగారు. చివరి ముడి ఊడగానే బండి అడుగున ఉండిపోయింది. ఓడ లేచింది. లేచి ఒక పక్కకు ఒరిగింది. లోపల బంగాళాదుంపల బస్తా జారిందని గ్రహించి, మాస్టారు చెయ్యి పెట్టి ఇవతలికి లాగారు. ఓడ ఒక్కసారి ఊగి, నిటారుగా నిలబడింది. తుపాకులు స్టేషన్లోనే ఉన్నాయి కనుక అది ఎవరి మీదా యుద్ధం చేసే ప్రమాదం లేదు. చాలా శాంతంగా కదిలింది.

అసిరినాయుడు నడుంలోతు నీళ్ళలో గేటు స్తంభం పట్టుకుని ఉన్నాడు. మాస్టారు ఓడను ఆయన ముందు నుంచి మెల్లగా పోనిచ్చారు. ఆయనకు మిగిలిన చూపు చిన్న కిటికీ అంత. అందులోకి మొదట ఓడ ముక్కు వచ్చింది. తరువాత గొడుగు ఊచలు వచ్చాయి. జల్లెడ, పౌడరు డబ్బా, వాటి వెనక వంటగది. చిన్న కెరటం తగిలి ఓడ ఊగినప్పుడు వంటగది ఆయన చెప్పిన వైపుకే వాలింది. ఒక ఓడను ముక్కలు చేసి ఆయనకు లేకుండా చేశారు. ఇదేమో ముక్క ముక్కగా వచ్చి, ఆయన కళ్ళలో మొత్తం ఓడ అయింది.

"అదే బావొ," అన్నాడు ఏడుస్తూ. "సాంబారు అటే ఒలికీది."

రోడ్డు వాలు పట్టుకుని ఓడ ముందుకు సాగింది. మాస్టారు ఒక చేత్తో మోకు, ఒక చేత్తో బావమరిదిని పట్టుకుని వెంట నడిచారు. పురపాలక సంఘం కార్యాలయం దగ్గరికొచ్చేసరికి ఆయన జన్మలో చూడని దృశ్యం చూశారు. కింది అంతస్తు కిటికీల్లోంచి ఫైళ్ళు బయటికొస్తున్నాయి. ఎన్నేళ్ళుగానో తేలని ఫైళ్ళు, తాతల నాటివి, అన్నీ ఒక్కసారి తేలుతున్నాయి. వరండాలో బల్ల మీద నిలబడి ఉన్నారు కమిషనరు గారు. నీళ్ళు అప్పటికే బల్ల ఎక్కాయి.

"మాస్టారూ! ఓడ ఇటు తిప్పండి! ఓడ!" అని అరిచారాయన.

షరతు లేకుండా ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. మాస్టారు తిప్పారు. కమిషనరు గారు గొడుగు ఊచలు పట్టుకుని, బంగాళాదుంపల వాసన పీలుస్తూ, రోడ్డు దాటి మెరకెక్కారు. ఎక్కి, పాంటు పిండుకుని, అక్కడున్న తాతబాబుతో అన్న మొదటి మాట ఇది: "బండి లైసెన్సు మీద ఓడ నడిపారు. చూశావు కదా?" ఏరు దాటేదాకానే ఓడ మల్లయ్య.

నీళ్ళు తీశాక, ఆఫీసు ఎండేదాకా, టెంటు వేసి విచారణ పెట్టారు. ఆరోపణలు రెండు. తోపుడు బండిని అనుమతి లేకుండా ఓడగా మార్చుట, పురపాలక రహదారిపై నౌకాయానము జరుపుట. రహదారి మీదికి నీళ్ళెలా వచ్చాయన్నది ఈ విచారణ పరిధిలోకి రాదని ముందే చెప్పేశారు.

"పాత ఫైలు పెట్టండి," అన్నారు కమిషనరు గారు.

తాతబాబు చేతులు కట్టుకున్నాడు. "అది... తేలిపోయిందండి."

"ఎటు?"

"రైలు గేటు వైపండి."

టెంటు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కమిషనరు గారు కళ్ళజోడు సర్దుకుని సాక్షిని పిలిపించారు. చెల్లెలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అసిరినాయుడిని కుర్చీలో కూచోబెట్టింది. వాన తరువాత ఆయన చూపు పూర్తిగా పోయింది. గరిటె ఒళ్ళో పెట్టుకుని, గొంతు వినిపించిన వైపు మొహం తిప్పాడు.

"ఫైలు లేదు. బండి లేదు. సాక్షికి కళ్ళు లేవు," అన్నారు కమిషనరు గారు విసుగ్గా. "ఇక ఈ విచారణలో తేలిందేమిటండీ?"

"ఓడ తేలింది బాబూ," అన్నాడు అసిరినాయుడు. "నాను సూసినాను."